ఒకే ధరలో రెండు ఖరీదైన ఐఈఎమ్‌లు: విజయనగరంలో ఇంట్లో కూర్చుని పోల్చి చూడడం ఎలా?

లక్ష రూపాయల దరిదాపుల్లో ఉన్న రెండు ఇన్‌-ఇయర్ మానిటర్లలో (ఐఈఎమ్‌లు, అంటే చెవి రంధ్రంలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు) ఏది తీసుకోవాలో తేల్చుకోవడం పెద్ద ఊళ్లలోనే కష్టం. విజయనగరం, శ్రీకాకుళంలో మరీ కష్టం. గంటస్తంభం చుట్టూ ఉన్న మొబైల్ షాపులన్నీ తిరిగినా, ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎంతమందిని అడిగినా, ఈ సరుకు చెవిలో పెట్టి వినిపించేవాళ్లు దొరకడం అరుదు. ఇంట్లో చెబితే "ఏటిరా, చెవిలో పెట్టుకునేదానికి లక్షా?" అంటారు. చివరికి రివ్యూలు చదివి, కళ్లు మూసుకుని ఆర్డర్ పెట్టేస్తాం.

అంతకంటే మంచి దారి ఉంది. రెండూ ఒకేసారి ఒక వారం మీ దగ్గర ఉండేలా చూసుకోండి. ఒకటి స్నేహితుడిది కావచ్చు, రెండోది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కావచ్చు. ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించుకుంటే, సీల్ తీశాక వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చదువుకోండి. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి చాలా షాపులు తీసుకోవు.

మాటల్లో తేలికగా ఉండడానికి ఒక జతను ఉదాహరణగా తీసుకుందాం. ఒకటి సెన్‌హైజర్ ఐఈ 900, 2021లో వచ్చింది. చెవికి ఒక్కటే డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), 7 మిల్లీమీటర్ల డైనమిక్, అంటే చిన్న స్పీకర్ లాంటిది. రెండోది కాంప్‌ఫైర్ ఆడియో ఆండ్రోమెడా, 2016లో వచ్చిన ఆకుపచ్చ రంగుది. చెవికి ఐదు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు, అంటే సన్నని రేకు కదిలి మోగే చిట్టి యూనిట్లు. విడుదలైనప్పుడు రెండూ వెయ్యి డాలర్లు దాటినవే. ఒకటి లోపల ఒంటరి, ఇంకొకటి ఉమ్మడి కుటుంబం. మీ జత వేరే అయినా పద్ధతి ఇదే.

అసలు విషయం ఇది. ఈ ధరలో రెండిటి మధ్య మీకు వినిపించే తేడాలో సగం పైగా ఐఈఎమ్‌ది కాకపోవచ్చు. వాల్యూమ్‌ది కావచ్చు, టిప్స్‌ది (చెవిలో దూరే మెత్తని తొడుగులు) కావచ్చు, ఏ జాక్‌లో పెట్టారన్నది కావచ్చు. ముందు వాటిని తప్పించాలి. ఆ తర్వాత మిగిలేదే మీరు డబ్బు పెట్టి కొనేది.

1. సోర్స్ ఒకటే ఉండాలి

ఒకదాన్ని ఫోన్‌కి, ఇంకొకదాన్ని ల్యాప్‌టాప్‌కి పెట్టి పోల్చకండి. ఒకే డాక్ (డిజిటల్ పాటని చెవికి పంపే సిగ్నల్‌గా మార్చే పరికరం), ఒకే జాక్, ఒకే యాప్. ఒకటి 3.5 మిల్లీమీటర్ల మామూలు జాక్‌తో, మరొకటి రెండు చెవులకీ విడివిడి తీగలున్న 4.4 బ్యాలెన్స్‌డ్ కేబుల్‌తో వస్తే రెండిటికీ మామూలు జాక్ కేబులే వాడండి. చాలా డాంగిల్స్‌లో (ఫోన్‌కి తగిలించే చిన్న డాక్‌లు) బ్యాలెన్స్‌డ్ వైపు వోల్టేజీ రెట్టింపు దాకా ఉంటుంది. అంటే నాబ్ ముట్టుకోకుండానే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. "బ్యాలెన్స్‌డ్‌లో పెడితే ప్రాణం వచ్చింది" అనేవాళ్లలో చాలామందికి వచ్చింది ఆ ఆరు డెసిబెల్సే.

సోర్స్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డుపడే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు) కూడా చూడండి. ఆర్మేచర్లు ఎక్కువ ఉన్న ఐఈఎమ్‌లలో ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. ఉదాహరణకి ఒకచోట 8 ఓమ్‌లు, మరోచోట 30 ఓమ్‌లు అనుకోండి. సోర్స్ ఇంపిడెన్స్ 1 ఓమ్ అయితే ఆ రెండు చోట్ల మధ్య వచ్చే తేడా ముప్పావు డెసిబెల్, పట్టించుకోనక్కర్లేదు. అదే సోర్స్ 10 ఓమ్‌లదైతే తేడా నాలుగున్నర డెసిబెల్స్. అది ఈక్వలైజర్ తిప్పినంత మార్పు. 12.8 ఓమ్‌ల ఆండ్రోమెడా సోర్స్‌ని బట్టి శబ్దపు రంగు మార్చేస్తుందని పేరు పడింది అందుకే. ఒకే డైనమిక్ డ్రైవర్ ఉన్నదానికి ఈ గొడవ చాలా తక్కువ. ఐఈఎమ్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే సోర్స్‌ది తక్కువ ఉండాలన్నది పాత లెక్క. ఒక ఓమ్, అంతకంటే తక్కువ ఉన్న డాంగిల్ దొరికితే నిశ్చింత.

యాప్‌లో సౌండ్ నార్మలైజేషన్ (పాటల వాల్యూమ్‌ని యాప్ తనంతట తానే సర్దడం), ఈక్వలైజర్, డాల్బీ లాంటివన్నీ ఆపేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో కంపెనీవాళ్లు ముందే ఆన్ చేసి పెట్టిన "సౌండ్ ఎన్‌హాన్స్" రకం ఒకటి దాక్కుని ఉంటుంది, దాన్నీ వెతకండి.

2. టిప్స్ సంగతి తేల్చండి

డబ్బాలో వచ్చిన టిప్స్ మీ చెవికి సరిపోతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి చిన్నది పట్టడం మామూలే. సీల్ (టిప్ చెవి రంధ్రాన్ని గాలి చొరబడకుండా మూయడం) సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవాలంటే 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఒక టోన్ పెట్టండి. యూట్యూబ్‌లో, టోన్ జనరేటర్ యాప్‌లలో దొరుకుతాయి. వేలితో ఐఈఎమ్‌ని మెల్లగా లోపలికి నొక్కండి. శబ్దం ఒక్కసారిగా బరువెక్కితే అప్పటిదాకా సీల్ లేనట్టే. నొక్కినా నొక్కకపోయినా ఒకేలా ఉంటే సరిపోయింది.

సీల్ పడకపోతే బేస్ పోతుంది. ఎంత లోపలికి పెడుతున్నారన్నదాన్ని బట్టి ట్రెబుల్ (సన్నని పై శబ్దాలు) కూడా మారుతుంది. చెవి రంధ్రంలో మిగిలిన గాలి ఖాళీ వల్ల వచ్చే మోత ఇంకా లోపలికి తోస్తే పై ఫ్రీక్వెన్సీకి, బయటికి లాగితే కిందికి జరుగుతుంది. "ఇది గీసుకుపోతోంది, అది మెత్తగా ఉంది" అనే మాట ఒక్కోసారి రెండు మిల్లీమీటర్ల తేడాయే.

వీలైతే రెండిటికీ ఒకే రకం టిప్స్ వాడండి. నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) సైజులు వేరైతే కుదరదు. అప్పుడు దేనికి బాగా పట్టేది దానికి పెట్టి, ఆ జోడీనే ఒక వస్తువుగా లెక్కేయండి. రేపు మీరు వాడేది ఆ జోడీనే కదా. ఫోమ్ టిప్స్ మాత్రం ఒకదానికే పెట్టి పోల్చకండి. అవి పై చివర ట్రెబుల్‌ని కొంత మింగేస్తాయి.

3. వాల్యూమ్ సమానం చేయండి

మొత్తం పనిలో ఎక్కువ టైమ్ పట్టేది ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

రెండు శబ్దాల్లో ఒకటి అర డెసిబెల్, ఒక డెసిబెల్ ఎక్కువుంటే, "ఇది పెద్దగా ఉంది" అని చెవి పసిగట్టదు. "ఇది స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అనుకుంటుంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ మన చెవికి బేస్ ఎక్కువ వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. కాబట్టి పెద్దగా మోగేది ఊరికే గెలిచేస్తుంది.

మన జతలో ఈ తేడా ఎంతో చూడండి. కంపెనీవాళ్లు సెన్సిటివిటీని (ఎంత సిగ్నల్‌కి ఎంత మోగుతుందన్నది) ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఐఈ 900 లెక్క: ఒక వోల్టుకి 123 డెసిబెల్స్. ఆండ్రోమెడా లెక్క: 7.01 మిల్లీవోల్టులకి 94 డెసిబెల్స్. చూడ్డానికి రెండోది చిన్నగా కనిపిస్తుంది. కానీ 7 మిల్లీవోల్టుల నుంచి ఒక వోల్టుకి పెంచితే 43 డెసిబెల్స్ కలుస్తాయి, మొత్తం 137. అంటే నాబ్ ఒకేచోట ఉంచి మార్చితే ఆండ్రోమెడా 14 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. అదే వాల్యూమ్‌లో ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటే చెవి అదిరిపోతుంది. మార్చే ముందు వాల్యూమ్ తగ్గించడం అలవాటు చేసుకోండి.

మరికొన్ని కంపెనీలు ఒక మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని రాస్తాయి. దాన్ని వోల్టు లెక్కలోకి తేవాలంటే 16 ఓమ్‌ల ఐఈఎమ్‌కి 18 కలపండి, 32 ఓమ్‌లదానికి 15 కలపండి.

ఈ లెక్కతో మొదటి సర్దుబాటు అయిపోతుంది. కచ్చితంగా తేల్చాలంటే కొలవాలి. అక్వేరియం షాపులో దొరికే మెత్తని గాలి పైపు చిన్న ముక్క తీసుకోండి. ఒక చివర టిప్‌తో సహా ఐఈఎమ్ నాజిల్ దూర్చండి, రెండో చివర ఇంకో ఫోన్ మైక్ రంధ్రానికి బిగుతుగా ఆనించండి. ఆ ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరవండి. 1 కిలోహెర్ట్జ్ టోన్ మెల్లగా మోగించి రీడింగ్ రాసుకోండి. తీసి, మళ్లీ పెట్టి, ఇంకోసారి చూడండి. అదే ఐఈఎమ్‌కి రీడింగులు అర డెసిబెల్ లోపల కలిసేదాకా పైపు సర్దుతూ ఉండండి. తర్వాత రెండోదానికీ అంతే. యాప్ చూపించే అంకె నిజమైన డెసిబెల్స్ కాకపోయినా పర్వాలేదు, మనకు కావాల్సింది తేడా మాత్రమే. ఎడమ, కుడి విడివిడిగా కొలవండి. ఒకే ఐఈఎమ్‌లో రెండు వైపులూ కలవకపోతే నాజిల్ జాలీలో గుమిలి గానీ చెమట తడి గానీ ఉందేమో చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఈ ఒక్క కొలత చాలా డబ్బు మిగులుస్తుంది.

ఫోన్ వాల్యూమ్ బటన్ ఒక్కో మెట్టు రెండు మూడు డెసిబెల్స్ కూడా ఉంటుంది కాబట్టి దాంతో సమానం చేయలేరు. విండోస్ కంప్యూటర్ ఉంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రీయాంప్‌ని (మొత్తం వాల్యూమ్ సర్దే చోటు) పదో వంతు డెసిబెల్ దాకా మార్చుకోవచ్చు. ఎక్కువ మోగేదానికి తగ్గించండి, తక్కువ మోగేదానికి పెంచకండి. చివరగా ఒక గొంతు పాట పెట్టి, రెండిట్లోనూ గొంతు అంతే దగ్గరగా ఉందో లేదో చెవితో సరిచూసుకోండి.

ఎంత సౌండ్‌లో వినాలి? పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. పోల్చేటప్పుడు మీ రోజువారీ వాల్యూమ్ దాటకండి.

4. ఏం వినాలి

డెమో పాటలంటూ ఆన్‌లైన్‌లో తిరిగే జాజ్ ట్రాకులు మీరెప్పుడూ విననివైతే వాటితో పని లేదు. మన దగ్గర ఇంతకంటే మంచి సరుకు ఉంది. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఉన్న ఊరిది. కచేరీలో వయొలిన్ ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటారు. అసలు శబ్దం తెలిసిన చెవి కంటే మంచి మీటర్ లేదు.

వయొలిన్ కొత్త స్టూడియో రికార్డింగ్ ఒకటి తీసుకోండి. కమాను తీగ మీద మొదలయ్యే క్షణంలో వచ్చే ఆ చిన్న గరుకు ఉండాలి, కానీ పళ్లు జివ్వుమనకూడదు. ఒక ఐఈఎమ్‌లో గరుకు అసలు లేకపోతే అది "స్మూత్" కాదు, ఏదో మింగేస్తోంది.

వీణకి బొబ్బిలి వీణ ఎవరింట్లోనైనా ఉంటే ముందు దాన్ని నేరుగా వినండి. ఒకే పనస దుంగలోంచి తొలిచి చేస్తారు దాన్ని. మీటిన తర్వాత నాదం ఎంతసేపు నిలిచి, ఎలా సన్నగిల్లుతుందో గమనించి, రికార్డింగ్‌లో ఆ తోకని వెతకండి. గమకం చివర్లో తీగ లాగి వదిలినప్పుడు స్వరం ఎక్కడ ఆగిందో తెలియాలి. డైనమిక్, ఆర్మేచర్ల తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడా, మృదంగంలోనూ. ఎడమచేతి గుమ్కి (తోలు మీద చేయి జార్చి తెచ్చే మోత) జారేటప్పుడు కింది శబ్దం ఒక గాలి కదలికలా తగలాలి. ఆర్మేచర్ బేస్ ఎంత ఉన్నా కొంతమందికి ఆ తాకిడి తక్కువ అనిపిస్తుంది. మరికొంతమందికి దాని చురుకుదనమే నచ్చుతుంది. ఇందులో తప్పొప్పులు లేవు, మీదే తీర్పు.

జముకుల కథలో జముకు మోత కింది మిడ్స్‌కి (బేస్‌కి కాస్త పైన ఉండే మధ్య శబ్దాలు) పరీక్ష. ఒక తీగ లాగి వదిలినట్టు సాగే ఆ శబ్దం ఒక ముద్దలా వినిపిస్తే కథకుడి మాటలు కూడా ఆ ముద్దలోనే కలిసిపోతాయి. తప్పెటగుళ్లలో రేకు చప్పుడు, గజ్జెలు ట్రెబుల్‌కి పరీక్ష పెడతాయి. కాకపోతే సిరిమానోత్సవం రోజు ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెట్టినవాటితో ట్రెబుల్ తేల్చకండి. అక్కడ గీసుకుపోయేది ఫోన్ మైకు.

ఇక గొంతు. స, ష, చ అక్షరాలు ఎక్కువున్న ఆడగొంతు పాట ఒకటి పెట్టి, ఆ అక్షరాలు మిగతా మాట కంటే ముందుకు దూకుతున్నాయా చూడండి. 1950, 60ల సినిమా పాటలు మనందరికీ ప్రాణమే. కానీ వాటిలో పై చివర ట్రెబుల్ పెద్దగా ఉండదు, అవి మోనో రికార్డింగులు. సౌండ్‌స్టేజ్‌కి (ఏ వాద్యం ఎటు, ఎంత దూరంలో ఉన్నట్టు వినిపిస్తుందన్నది), గాలి ఆడుతున్నట్టుండే ట్రెబుల్‌కి వాటిని వాడకండి. మధ్యలోని గొంతుకు మాత్రం వాటిని మించినవి లేవు. వాటి మోనో గుణం తర్వాతి అంచెలో ఇంకోలా పనికొస్తుంది.

5. మార్చి మార్చి వినడం

శబ్దంలోని సన్నని తేడాలు మనసులో కొన్ని సెకన్లే నిలుస్తాయి. పాట మొత్తం ఒకదానిలో విని, తర్వాత రెండోదానిలో వింటే పోల్చేది జ్ఞాపకాన్ని కాదు, అభిప్రాయాన్ని. పదిహేను సెకన్ల ముక్క తీసుకుని లూప్‌లో పెట్టండి. వినే ముందే ప్రశ్న ఒకటి పెట్టుకోండి: "గుమ్కి ఎక్కడ ఆగింది?" అంతే. ఒకసారికి ఒకటే ప్రశ్న.

ఇంకో కిటుకు. రెండు ఐఈఎమ్‌ల కనెక్టర్లూ కలిసే రకమైతే ఒకే కేబుల్‌కి ఎడమ వైపు ఒకదాన్ని, కుడి వైపు మరోదాన్ని తగిలించి మోనో పాట వినండి. మన జతలో రెండూ ఎమ్ఎమ్‌సీఎక్స్ రకమే. కాకపోతే ఐఈ 900 సాకెట్ లోపలికి ఉంటుంది, లావు మూతి కేబుల్ దూరదు. దూరనిదాన్ని బలవంతంగా నొక్కకండి, పిన్ పోతే రిపేరు ఖర్చు బాగానే అవుతుంది. ఎడమ, కుడి వాల్యూమ్ తేడాని విండోస్‌లో గానీ ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోని బ్యాలెన్స్‌తో గానీ సరిచేయండి. ఇప్పుడు గొంతు తల మధ్యలోంచి ఒక వైపు లాగుతుంటే, ఆ గొంతు ఫ్రీక్వెన్సీలో ఆ వైపుది ముందుందన్నమాట. తర్వాత వైపులు మార్చి మళ్లీ వినండి. మీ రెండు చెవులూ సమానం కాకపోతే అప్పుడు తెలుస్తుంది.

నిజంగా కళ్లకు గంతలు కట్టి పోల్చడం ఐఈఎమ్‌లతో అవదు. చెవిలో పెట్టగానే ఏదో తెలిసిపోతుంది. కనీసం మీ అభిప్రాయం రాసుకున్న తర్వాతే పక్కవాళ్ల అభిప్రాయం అడగండి. ధర చెప్పకుండా ఇంట్లోవాళ్లకి వినిపించి "ఏటి తేడా?" అని అడిగినా బాగుంటుంది. వాళ్లకి ట్రెబుల్, మిడ్స్ లాంటి మాటలు రావు కాబట్టి విన్నది విన్నట్టు చెబుతారు.

ఫ్యాన్ ఆపి వినాలి. ఫ్యాన్ హోరు కింది శబ్దాన్ని కప్పేస్తుంది. మే నెలలో మన ఉక్కపోతకి అది పగలు కుదిరే పని కాదు, తెల్లవారుజామున పెట్టుకోండి. ఆ నిశ్శబ్దంలోనే ఇంకో పరీక్ష కూడా చేసేయండి. పాట ఆపి, డాక్ ఆన్‌లోనే ఉంచి వినండి. సన్నని "స్" అనే హిస్ వస్తోందా? ఆండ్రోమెడా లాంటి సున్నితమైనవాటిలో వచ్చే అవకాశం ఎక్కువ. వస్తే అది మీ డాంగిల్ లోపం, కానీ కొత్త డాంగిల్ ధర కూడా ఆ ఐఈఎమ్ ధరలో కలుపుకోవాలి.

6. ఒక్కోదానితో కొన్ని రోజులు

మార్చి మార్చి వినడంలో ట్రెబుల్ ఎక్కువున్నది మొదట్లో మెరిసిపోతుంది. అలసట తెలిసేది రెండు మూడు రోజులకే. కాబట్టి రెండోదాన్ని డ్రాయర్‌లో పెట్టేసి ఒకదాన్నే వాడండి, తర్వాత అదలా పెట్టి రెండోది. విశాఖ వెళ్లే పాసింజర్‌లో, కాంప్లెక్స్ నుంచి బయల్దేరే బస్సులో పెట్టుకోండి. బయటి గోలని ఎంత ఆపుతోందో, దవడ కదిలిస్తే సీల్ వదులుతోందో, కేబుల్ చొక్కాకి రాసుకుంటే చెవిలో గరగర వస్తోందో అక్కడే తెలుస్తుంది. కళ్లజోడు ఉంటే చెవి వెనక తీగ ఎలా కూర్చుంటుందో చూడండి. గంట తర్వాత చెవి డొప్ప లోపల నొప్పి మొదలైతే, ఎంత గొప్ప శబ్దమైనా ఆ ఐఈఎమ్ డబ్బాలోనే ఉండిపోతుంది. ఐఈ 900 చిన్న గుండ్రటి లోహపు వస్తువు, ఆండ్రోమెడా కోణాలున్న పెద్దది. చెవి చిన్నదైతే ఈ తేడాయే తీర్పు చెప్పేస్తుంది. నాకడిగితే, ఒకే ధరలో ఉన్న రెండిట్లో చెవికి బాగా కూర్చున్నది ఎంచుకోవడమే సరైన పని. డ్రైవర్ల సంఖ్య చూసి కొనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

మన సముద్రపు గాలి తేమ వల్ల నాజిల్ జాలీ మీద తడి పేరుకుంటుంది. ఒక వైపు శబ్దం తగ్గిందని కంగారుపడకుండా మెత్తని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టకండి.

7. గ్రాఫులు ఆఖర్న

ఐఈఎమ్‌ల కొలతలు పెట్టే స్క్విగ్‌లింక్ వెబ్‌సైట్‌లో ఈ రెండిటి గ్రాఫులూ దొరుకుతాయి. మీ నోట్స్ రాసుకున్న తర్వాతే తెరవండి. ముందే చూస్తే చెవి గ్రాఫ్‌ని చదవడం మొదలుపెడుతుంది. ఒకే మనిషి, ఒకే యంత్రం మీద కొలిచిన రెండు గీతల్నే పోల్చండి. 711 కప్లర్ (చెవి రంధ్రాన్ని అనుకరించే కొలత పరికరం) మీద 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం చాలావరకు ఆ కప్లర్‌దే, దాన్ని చూసి భయపడకండి. మీరు రాసుకున్నదానికీ గీతకీ పొంతన లేకపోతే మొదట సీల్‌నే అనుమానించండి, తర్వాత వాల్యూమ్‌ని.

8. డబ్బు కట్టే ముందు

బిల్లు ఇండియా డీలర్‌దేనా, వారంటీ ఎంతకాలం, రిపేరుకి ఎక్కడికి పంపాలి, పోను రాను కొరియర్ ఎవరిది, విడిగా కేబుల్ దొరుకుతుందా అన్నవి అడిగి, జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. సెకండ్‌హ్యాండ్ అయితే సీరియల్ నంబరు ఫొటో, ఒరిజినల్ బిల్లు తప్పనిసరి. స్నేహితుడి దగ్గర తెచ్చిన ఐఈఎమ్‌కి మీ టిప్స్ తీసేసి, నాజిల్ తుడిచి, అతని టిప్స్ అతనికి వేసి తిరిగివ్వండి.